ఒంటి రంగు డబ్బాలో ఉండదు

తాడ్వాయి



బొమ్మల్లో మనుషులకు రంగు వేసేసరికి ఒళ్ళూ జుట్టూ రెండూ చెడిపోతున్నాయనీ, ఏ మార్కర్లు కొంటే బాగుంటుందో చెప్పమనీ రాశావు. కొనేవాటి సంగతి చివర్లో చెబుతాను, అది చిన్న సంగతి. అసలు చిక్కు అంతకంటే ముందే మొదలవుతోంది. ఒంటికి ఒక రంగు, జుట్టుకు ఒక రంగు అని లెక్క పెట్టుకుని కుంచె పట్టుకుంటున్నావు. ఆ లెక్కతో కూర్చుంటే ఎంత ఖరీదైన మార్కర్ చేతిలో ఉన్నా బొమ్మలో మనిషి గోడకు అతికించిన కాగితంలాగే కనిపిస్తాడు. ఒంటి రంగు ఎవరూ ముందుగా కలిపి పెట్టగలిగింది కాదు. మనిషి చర్మం, దాని మీద పడే వెలుగు, పక్కనున్న గోడ, కింద ఉన్న నేల కలిసి ఆ పూటకు దాన్ని తయారు చేస్తాయి. దాన్ని చూసి పలచని పొరల మీద పొరలుగా కట్టుకుంటూ రావాలి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే, కాబట్టి తీరిగ్గా చదువు.

ముందు ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మన దగ్గర పిల్లలకు కొనిచ్చే క్రేయాన్ పెట్టెల్లో లేత గులాబి, నారింజ కలిసిన ఒకదాని మీద 'స్కిన్' అని అచ్చువేసి అమ్మేవారు. బెంగళూరులో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి దీని మీద వినియోగదారుల ఫోరం దాకా వెళ్ళాడు. అమెరికాలో క్రేయోలా కంపెనీ అలాంటి ఛాయకే పెట్టిన 'ఫ్లెష్' అనే పేరును 1962లో తీసేసి 'పీచ్' అని మార్చింది. రకరకాల ఒంటి ఛాయలతో 24 రంగుల పెట్టెను తేవడానికి మాత్రం ఆ కంపెనీకి 2020 దాకా పట్టింది. ఫొటోల్లోనూ ఇదే కథ. రంగులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి కోడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన కార్డుల మీద ఏళ్ళ తరబడి తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆమె ఒళ్ళు బాగా వచ్చిందంటే ప్రింటు బాగున్నట్టే లెక్క. అదే ఫిల్ము మీద నల్లని మనిషి ముఖం కళ్ళూ పళ్ళూ తప్ప అంతా మసిబారినట్టు వచ్చేది. లోపం మనిషి ముఖంలో లేకపోయినా, నల్లని ఒళ్ళు బొమ్మకు పనికిరాదన్న నమ్మకం జనంలో నాటుకుపోయింది. కామారెడ్డి జిల్లాలో ఏ బడిలోనైనా పిల్లల బొమ్మల కాగితాలు తిరగేసి చూడు. నాట్లు వేసే అమ్మ, ట్రాక్టరు నడిపే నాన్న, గొర్లు కాసే తాత, అందరూ ఆ పెట్టెలోని లేత గులాబి రంగులోనే ఉంటారు. పిల్లలకు చూపు లేక కాదు. చూసినదాన్ని పక్కన పెట్టి పెట్టెలో ఉన్నదాన్ని వాడమని పెట్టె వాళ్ళకు నేర్పింది.

ఉన్న ఒళ్ళను చూసి వెయ్యడానికి మన నేల మీద సాటిలేని సాక్ష్యం అజంతా. ఈరోజు అది మహారాష్ట్రలో ఉన్నా, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ, గులాం యజ్దానీ ఆధ్వర్యంలో, ఆ గుహల సంరక్షణ చూసింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్ళకు ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. అయిదో శతాబ్దపు 1వ గుహలో పద్మపాణి బోధిసత్త్వుడి చుట్టూ ఉన్నవాళ్ళను చూడు. లేత గోధుమ ఒళ్ళు, చామనఛాయ, ముదురు గోధుమ, దాదాపు నలుపు, అన్నీ ఒకే గోడ మీద పక్కపక్కన ఉంటాయి. అందులో నల్లని ఒళ్ళున్నవాళ్ళు దాసీలే అనుకోవడానికి లేదు, నగలు పెట్టుకున్న రాచవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ ఒకరు అడ్డు చెప్పవచ్చు: 1920-22 మధ్య ఇటలీ నిపుణులు వచ్చి ఆ చిత్రాల మీద లక్క వార్నిష్ పూశారు, అది తర్వాత పసుపెక్కి, నల్లబడి రంగుల్ని మార్చింది, కాబట్టి మనం చూస్తున్న నలుపు వార్నిష్‌ది కావచ్చు కదా అని. అడగాల్సిన ప్రశ్నే. అయితే వార్నిష్ ఒకరి మీద పూసి పక్కవాళ్ళను వదిలెయ్యలేదు. ఒకే పూత కింద ఒకరు లేతగా, పక్కనే మరొకరు ముదురుగా ఉన్నారంటే ఆ తేడా చిత్రకారుడు పెట్టిందే. పైగా నల్లని ముఖాల్లో ముక్కు దూలం మీద, పెదవి మీద, గడ్డం మీద వెలుగు చారలు తీర్చి ఉంటాయి. ఒళ్ళు ఎంత ముదురైతే వెలుగును అంత జాగ్రత్తగా నిలపాలని వాళ్ళకు తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, కింద మళ్ళీ పనికివస్తుంది.

మనకు దగ్గరివాళ్ళూ ఉన్నారు. సిద్దిపేటలో పుట్టి అక్కడే జీవితమంతా గడిపిన కాపు రాజయ్య (1925-2012) బతుకమ్మను, బోనాలను, ఊరి పనులను బొమ్మలుగా వేశారు. కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గీసిన తెలంగాణ ఆడవాళ్ళను ప్రపంచమంతా గుర్తుపడుతుంది. ముదురు గోధుమ ఒళ్ళు, నుదుట పెద్ద ఎర్రబొట్టు, మంట లాంటి చీర. ఆ ఒంటి రంగును లేత గులాబికి మార్చి ఒకసారి ఊహించు. చీర ఎరుపు చప్పబడిపోతుంది, బొట్టు అతికించినట్టు అవుతుంది, పసుపు వెలిసిపోతుంది. ఆ చీరల వెలుగంతా పక్కనున్న ముదురు గోధుమ వల్ల వచ్చినదే. అందుకే ఒళ్ళు నల్లగా వేస్తే బొమ్మ డల్ అవుతుందన్న మాట నేను ఒప్పుకోను.

నువ్వు ఇక్కడ అడిగే ప్రశ్న నాకు తెలుసు. వైకుంఠం అందరికీ ఇంచుమించు ఒకే గోధుమ వేస్తారు కదా, చేర్యాలలో పటాలు గీసే నకాశీలు దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు అని ముందే రంగు నిర్ణయించుకుంటారు కదా, మరి నన్ను మాత్రం మనిషిని చూసి వెయ్యమంటావేం అని. మంచి ప్రశ్న. చేర్యాల పటాన్ని ఊరి జనం ముందు వేలాడదీసి కథ చెబుతారు, మూరల కొద్దీ పొడుగున్న గుడ్డ అది. దూరంగా కూర్చున్నవాళ్ళు ఎవరు దేవుడో ఎవరు రాక్షసుడో ఒక్క చూపులో పోల్చుకోవాలి. ఆ పని కోసం ఎర్రని నేపథ్యం మీద చదునైన రంగులు పెట్టుకున్నారు. వైకుంఠం గోధుమ కూడా ఎంచుకున్నదే, ఎవరి ఒళ్ళు చూసి ఎంచుకున్నారో మనకు కనిపిస్తూనే ఉంది. ఎంచుకున్న కట్టుబాటు బొమ్మకు ఏదో ఒక పని చేసిపెడుతుంది. పెట్టెలోని 'స్కిన్' రంగు నీ బొమ్మకు చేసిపెట్టే పని ఏదైనా ఉందేమో చెప్పు, నాకు కనపడలేదు. నువ్వూ ముందు చూసి వెయ్యడం నేర్చుకో, ఆ తర్వాత నీ కట్టుబాటు నువ్వే పెట్టుకోవచ్చు, కావాలంటే అందరినీ నీలంగానే వెయ్యి. ఒక్క జాగ్రత్త మాత్రం. పాత పటాల్లో రాక్షసులకు సాధారణంగా ముదురు రంగులు, మనుషులకు లేత రంగులు వాడారు. ఆ కళను ఎంత గౌరవించినా ఈ ఒక్క అలవాటు మాత్రం నీ బొమ్మలోకి రానివ్వకు.

ఇక చర్మం సంగతి. చర్మం గోడకు వేసిన రంగు లాంటిది కాదు, దానిలోంచి కొంత వెలుగు లోపలికి పోయి తిరిగి వస్తుంది. పై పొరలో మెలనిన్ అనే గోధుమ రంగు పదార్థం, దాని కింద రక్తం. లేత ఒంటిలో వెలుగు లోపలి దాకా పోయి ఎరుపును వెంటబెట్టుకుని వస్తుంది. నల్లని ఒంటిలో మెలనిన్ దాన్ని చాలావరకు తాగేస్తుంది. అందుకని పైపైన తళుక్కుమనే మెరుపు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మెరుపుకు ఒంటి రంగు ఉండదు, వెలుగు రంగే ఉంటుంది. ఆరుబయట నీడపట్టున కూర్చున్న మనిషి నుదుటి మీద ఆకాశపు నీలం, బల్బు కింద పసుపు. నల్లని ముఖానికి రూపం ఇచ్చేది ఈ మెరుపే, అజంతా వాళ్ళు ముక్కు మీద గీసింది దీన్నే. అడుగు నుంచి వచ్చే వెలుగు కూడా మరిచిపోవద్దు. ఎర్ర చెల్కలో నిలబడ్డ మనిషికి గడ్డం కింద, చెంప కింద ఎర్రని వెచ్చదనం కనిపిస్తుంది, పచ్చని వరిమడిలో అక్కడే ఆకుపచ్చ తొంగిచూస్తుంది.

వాటర్ కలర్స్‌లో దీనికి కావలసినవి మామూలు 12 ట్యూబుల పెట్టెలోనే ఉన్నాయి: ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ. మొదటి రెండూ పుట్టుకతో మట్టి రంగులు. మన చెల్క నేలను ఎర్రగా చేసే ఐరన్ ఆక్సైడే వాటిలోనూ ఉంది, మనవాళ్ళు గోడలకూ గడపలకూ పూసే జాజులో ఉన్నదీ అదే, అజంతా గోడల మీది ఎరుపూ పసుపూ దాని సంతతే. మొదటి పూత ఓకర్‌లో కొద్దిగా సియెన్నా కలిపి నీళ్ళలా పలచగా ముఖమంతా వెయ్యి. మెరుపు ఉన్నచోట కాగితాన్ని వదిలెయ్యి. అది పూర్తిగా ఆరాక రెండో పూత సియెన్నా. మళ్ళీ ఆరాక, నీడపట్టున సియెన్నాలో అల్ట్రామెరీన్ కలిపి వెయ్యి. ఈ రెండూ కలిస్తే లోతైన, ఊపిరాడే ముదురు రంగు వస్తుంది, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా, నీలం ఎక్కువైతే చల్లగా. నలుపు ట్యూబు మాత్రం ఒంటి మీదికి రానివ్వకు. చెవి తమ్మెకు, ముక్కు కొనకు, చెంపలకు క్రిమ్సన్ చుక్క. ఆరకముందే మళ్ళీ తాకావంటే కింది పూత లేచి మడ్డి అవుతుంది. చాలామంది చేతుల్లో ఒళ్ళు బురదలా వచ్చేది ఓపిక పట్టకపోవడం వల్లే.

ముఖం కంటే ముందు చేతులతో అభ్యాసం చెయ్యి, మన ప్రాంతంలో దానికి కరువు లేదు. ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడమనిషి చేతిని చూడు. చేతి వెనకవైపు ముదురు గోధుమ, వేళ్ళ కణుపుల దగ్గర ఇంకా ముదురు, ముడతల గీతలు దాదాపు ఊదా రంగు. చెయ్యి తిప్పి ఆకు అందుకున్నప్పుడు అరచెయ్యి ఒక్కసారిగా లేత రాగి రంగులోకి వస్తుంది, గీతలు మాత్రం ముదురే. బొటనవేలి కొస మీద, చూపుడువేలి పక్కన తంబాకు మరక, అది ఒంటి గోధుమ కాదు, పసుపు కలిసిన ముదురు రంగు. మణికట్టు మీద ఆకుపచ్చ మట్టిగాజులుంటే వాటి రంగు నీడ చర్మం మీద సన్నగా పడుతుంది. ఈ ఒక్క చేతిలోనే అయిదారు రంగులున్నాయి, వాటిలో ఏ ఒక్కటీ పెట్టె మీది పేరుకు సరిపోదు.

ఇంకొక అభ్యంతరం ఉంది, అది నీకు ఇంట్లోనే ఎదురవుతుంది. ఉన్నది ఉన్నట్టు వేస్తే "ఇంత నల్లగ ఏసినవేంది" అని ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారు. పెళ్ళి ఫొటోల్లో ముఖాలను తెల్లగా చేసి ఇవ్వడం స్టూడియోలకు అలవాటైంది, 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము అమ్మిన దేశం మనది, 2020లో ఆ పేరు మాత్రమే మారింది. నొచ్చుకునేవాళ్ళ తప్పు అని నేను అనను, వాళ్ళను అట్లా చూడటం నేర్పింది వేరేవాళ్ళు. కానీ ఆ నొప్పిలో సగం చిత్రకారుడి పనితనం వల్ల వచ్చేది. ముదురుగా కనిపించాలని నలుపు కలిపితే ఒళ్ళు బూడిద పట్టినట్టు, జబ్బుపడ్డట్టు అవుతుంది. ఆ బొమ్మ చూసి ఎవరికైనా బాధ కలగాల్సిందే. అదే ముదురుతనాన్ని సియెన్నా, క్రిమ్సన్, నీలంతో కట్టి, మెరుపును శుభ్రంగా నిలిపితే మనిషి నిగనిగలాడుతూ కనిపిస్తాడు. అప్పుడూ ఒకరిద్దరు సణుగుతారు. సణగనీ. ఒంటి ఛాయ తగ్గించి పేరు తెచ్చుకోవడం కంటే ఆ సణుగుడే మేలు. ఎవరైనా డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటే మాత్రం ముందే మాట్లాడుకో: తెల్లగా చెయ్యమంటే ఒప్పుకోకు, మంచి వెలుగులో కూర్చోబెట్టి వేస్తానని చెప్పు. ఉదయపు ఏటవాలు వెలుగు ఏ ముఖానికైనా అందం తెస్తుంది, అందులో అబద్ధం లేదు.

జుట్టు దగ్గర అందరూ చేసే పని నల్ల మార్కర్ తీసి నింపెయ్యడం. దాంతో తల మీద రంధ్రం పడ్డట్టు ఉంటుంది. మన జుట్టు నల్లనిదే, కానీ నునుపైనది, కొబ్బరినూనె రాస్తే ఇంకా నునుపు. నునుపైన నలుపు చుట్టూ ఉన్న వెలుగునంతా పట్టి చూపిస్తుంది. పాపిడి తీసి దువ్విన తల మీద, నడినెత్తికి కాస్త కిందుగా, వంపు వెంట ఒక వెలుగు పట్టీ ఉంటుంది. బయట అది నీలం కలిసిన బూడిద రంగు. ముందు ఆ పలచని నీలి బూడిద పూత తలంతా వేసి ఆరనివ్వు. తర్వాత బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన ముదురు రంగుతో, దువ్విన దిక్కునే కుంచె లాగుతూ, ఆ పట్టీ అంచుల్లోకి గీతలు చొరబడేలా వెయ్యి. వెంట్రుక వెంట్రుకా గీయొద్దు, జుట్టును ముద్దగా చూడు. అంచుల్లో నాలుగు విడి వెంట్రుకలు చాలు. జడ వేస్తే ప్రతి పాయ ఉబ్బు మీద విడిగా ఒక మెరుపు, పాయలు కలిసే సందులో గట్టి ముదురు. నుదుటి దగ్గర గీత గీసినట్టు జుట్టు మొదలుపెడితే టోపీ పెట్టినట్టు ఉంటుంది. అక్కడ తడి కుంచెతో జుట్టు రంగును ఒంటి రంగులోకి కొద్దిగా కరిగించు. ఎండలో ఆడే పిల్లల జుట్టు కొసలు రాగి రంగుకు తిరుగుతాయి. గోరింటాకు తెల్ల వెంట్రుకల మీద నారింజగా పండుతుంది, నల్లవాటి మీద ఎండలో చూస్తే తప్ప కనిపించదు, కాబట్టి గోరింటాకు పెట్టుకున్న పెద్దమనిషి తలలో రెండూ కలగలిసి ఉండాలి. నెరిసిన జుట్టుకు తెల్లరంగు వద్దు, కాగితపు తెలుపును వదిలి నీడలు మాత్రం వెయ్యి.

ఇప్పుడు మార్కర్లు. జపాన్ వాళ్ళ కోపిక్ మార్కర్లు 1987 నుంచి ఉన్నాయి, ఆల్కహాల్‌తో పనిచేసే ఆ రకం ఇప్పుడు చాలా కంపెనీలు తెస్తున్నాయి. తడి ఉండగానే ఒక రంగులోకి ఇంకొకటి కలిసిపోవడం వాటి గుణం. లేతది ముందు, ముదురుది తర్వాత, అంచు దగ్గర మళ్ళీ లేతది. ఒంటి ఛాయల సెట్టు అని పెద్ద పెట్టె కొనకు, అందులో సగం మనకు అక్కరకు రాని గులాబి రంగులే. విడిగా నాలుగు కొను: పసుపు కలిసిన లేత గోధుమ, మధ్యరకం ఎర్ర గోధుమ, ముదురు గోధుమ, నీలం కలిసిన బూడిద. గోధుమ మీద ఆ బూడిద వేస్తే నీడ వస్తుంది, జుట్టు మెరుపుకూ అదే పనికివస్తుంది. అవి కాగితం వెనక్కి దిగుతాయి, కింద ఇంకో కాగితం పెట్టుకో. చాలావాటిలో ఉండేది డై కాబట్టి ఎండకు వెలుస్తాయి, గోడకు తగిలించే బొమ్మను వాటర్ కలర్స్‌తోనే వెయ్యి. ఇవి ఖరీదు అంటావా, నిజమే. నీళ్ళతో పనిచేసే మామూలు స్కెచ్ పెన్ను గోధుమను స్టీలు పళ్ళెం మీద గీకి, తడి కుంచెతో ఎత్తి వేసుకో, పలచని పూత వస్తుంది. కాగితం మీద నేరుగా రుద్దితే మాత్రం పోగులు లేస్తాయి. రెండూ కలిపి వాడేటప్పుడు వాటర్ కలర్ ముందు, అది పూర్తిగా ఆరాక మార్కర్. గీతల కోసం వాడే పెన్ను ఇంకు నీళ్ళకు కరుగుతుందో, ఆల్కహాల్‌కు కరుగుతుందో ముందే చిత్తుకాగితం మీద చూసుకో. డబ్బు ఎక్కడో ఒకచోటే పెట్టగలిగితే కాగితం మీద పెట్టు. 300 జీఎస్ఎం మందం ఉన్నది పొరల తడిని తట్టుకుంటుంది, పలచని డ్రాయింగ్ షీటు రెండో పూతకే ముడుచుకుపోతుంది.

దసరా సెలవుల్లోగా ఇంట్లో ముగ్గురిని, ఒకే గడప దగ్గర, ఒకే వేళప్పుడు కూర్చోబెట్టి ఒకే కాగితం మీద వెయ్యి. ఒకరి ఒంటి రంగు పక్కవాళ్ళ పక్కన పెట్టినప్పుడే తేలుతుంది. వేసింది నాకు ఫోన్‌లో ఫొటో తీసి పంపకు. చాలా ఫోన్ కెమెరాలు ముఖం కనపడగానే వాటంతట అవే నునుపు చేసి తెల్లబరుస్తున్నాయి, నువ్వు వేసిన రంగు నాకు చేరదు. ఎవరైనా ఇటు వస్తుంటే చుట్టి కాగితాన్నే ఇచ్చి పంపు, వెనకవైపు ఏ రంగులో ఏది కలిపావో పెన్సిల్‌తో రాసి.

నీ పెద్దబాపు